దాచుకోవాల్సింది, దాచకూడనిది

లిఫ్టు ఆగిపోయిన పదకొండో రోజు, 2018 నవంబరులో ఒక ఆదివారం, మా అపార్ట్‌మెంటు వాళ్లమంతా సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీలేసుకుని కూర్చున్నాం. హైదరాబాదు పడమటి వైపు, ఐదంతస్తులు, అరవై ఫ్లాట్లు. ఉన్న రెండు లిఫ్టుల్లో ఒకటి ఏడాదిగా మూలపడే ఉంది. రెండోది కూడా ఆగాక, నాలుగో అంతస్తులో డయాలసిస్‌కి వెళ్లే పెద్దాయన్ని వారానికి మూడుసార్లు కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించుతున్నారు, వాళ్లబ్బాయీ మా వాచ్‌మనూ కలిసి. దించడం ఒక ఎత్తు. డయాలసిస్ అయ్యాక ఆ నీరసంలో ఆయన్ని మళ్లీ పైకి ఎక్కించడం ఇంకో ఎత్తు.

మరమ్మతు కుదరదు, రెండూ మార్చాల్సిందే అన్నాడు మెకానిక్. ఒక్కోటి పన్నెండు లక్షలు. సెక్రటరీ గారు లేచి ఫ్లాటుకి నలభై వేలు కట్టాలన్నారు. అప్పుడు నేనడిగాను: "బిల్డర్ మనకి అప్పజెప్పినప్పుడు రేపటి పెద్ద ఖర్చులకని ఫ్లాటుకి యాభై వేల చొప్పున కార్పస్ ఫండ్ కట్టాం కదండీ. మొత్తం ముప్పై లక్షలు. అందులో ఇప్పుడు ఎంత ఉంది?"

తెలియకే అడిగాను. కానీ ట్రెజరర్ గారి ముఖం కందిపోయింది. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి. ఎనిమిదేళ్లుగా ఆ పని ఒక్కరే చూస్తున్నారు, ఎవరూ ముందుకు రాక. "ముప్పై నాలుగేళ్లు సర్వీసు చేశానమ్మా. ఒకరి రూపాయి ముట్టిన వాణ్ణి కాదు. ఈ వయసులో ఈ మాట పడాలా?" అన్నారు. పక్కనున్నవాళ్లు ఆయన్ని సముదాయించారు. నా వైపు నలుగురు కోపంగా చూశారు. ఎంత ఉందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం ఆయన మా తలుపు తట్టారు. చేతిలో పాత ట్రావెల్ బ్యాగు. "ఇక మీరే చూసుకోండమ్మా" అని గుమ్మంలో పెట్టి, లోపలికి రమ్మన్నా రాకుండా వెళ్లిపోయారు.

ఆ బ్యాగులో రబ్బరు బ్యాండ్లు వేసిన వోచర్ల కట్టలు, చెక్కుబుక్కుల ప్రతులు, పద్నాలుగు నెలలుగా ఎంట్రీలు పడని పాసుబుక్కు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు ఉన్నాయి. నేను కాలేజీలో లెక్కలు చెబుతాను, కానీ జమాఖర్చుల విద్య వేరు. రెండో అంతస్తులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్ అమ్మాయి సాయం వచ్చింది. ఇద్దరం మూడు వారాల పాటు, రాత్రి భోజనాలయ్యాక, ఆ చీటీలన్నీ నేలమీద పరచి నెలలవారీగా పేర్చుకున్నాం.

ఆయన ఒక్క రూపాయి తినలేదు. తన జేబులోంచి పెట్టి, తిరిగి తీసుకోవడం మరిచిపోయిన చిన్న చిన్న ఖర్చులు కూడా దొరికాయి. అయినా ముప్పై లక్షలూ, వాటి మీద వచ్చిన వడ్డీ కూడా కరిగిపోయి, నాలుగు లక్షల చిల్లర మిగిలింది.

ఎలా అంటే, 2010లో మెయింటెనెన్సు నెలకి పదిహేను వందలు అని పెట్టారు. నెలకి తొంభై వేలు వసూలు. ఆ తర్వాత ఎనిమిదేళ్లూ దాన్ని ముట్టుకోలేదు. "మెయింటెనెన్సు పెంచని కమిటీ" అనిపించుకోవడమే కమిటీకి గొప్ప. ఈలోపు వాచ్‌మన్ జీతం పెరిగింది, కరెంటు పెరిగింది, డీజిల్ పెరిగింది, బోర్లు ఎండి ట్యాంకర్లు మొదలయ్యాయి. మొదటి రెండేళ్లు నెలకి ఎనిమిది వేలు తక్కువ పడేది. తర్వాత పాతిక వేలు. చివరికొచ్చేసరికి నలభై అయిదు వేలు. తక్కువ పడినప్పుడల్లా ఆయన ఒక డిపాజిట్ విరిచి పూడ్చేవారు. మధ్యలో ఒకసారి రంగులు, ఒక కొత్త బోరు. అంతే. దొంగ ఎవరూ లేరు. మేం అరవై కుటుంబాల వాళ్లం మా రేపటి లిఫ్టును కొంచెం కొంచెంగా తినేశాం. తింటున్నామని మాకు తెలియలేదు, ఎందుకంటే ఆ లెక్క మాకెవరూ చూపించలేదు, మేం చూపించమననూ లేదు.

తెలుగులో 'దాచడం' అన్న మాటకి రెండర్థాలు. ఎవరికీ కనపడకుండా పెట్టడం ఒకటి, రేపటికి మిగల్చడం ఒకటి. మా అమ్మ పోపుల డబ్బాలో డబ్బు దాచినప్పుడు ఆ రెండూ ఒకటే పని. ఒక ఇంటికి అది సరిపోతుందేమో. అరవై ఇళ్ల ఉమ్మడి సొమ్ముకి మాత్రం ఆ రెండర్థాలూ ఒకదానికొకటి శత్రువులు. లెక్కని దాచితే సొమ్ము దాగదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. అపార్ట్‌మెంటు సంఘాల లెక్కలు బహిరంగంగా ఉండాలని అడిగేవాళ్లు సాధారణంగా దొంగల్ని పట్టుకోవడం గురించి మాట్లాడతారు. దొంగతనం జరుగుతుంది, కాదనను. కానీ దానికన్నా ఎక్కువ భవనాల్ని గుల్ల చేస్తున్నది నిజాయితీపరుల చేతుల్లో, కనపడకుండా, అందరి మెప్పుతో జరుగుతున్న లోటు.

మా అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. ఖమ్మం జిల్లాలో మా ఊళ్లో డ్వాక్రా పొదుపు సంఘంలో చాలా ఏళ్లు సభ్యురాలు, కొన్నాళ్లు లీడరు. సెలవులకి వెళ్లినప్పుడు ఆ సమావేశాలు చూసేదాన్ని. చుట్టూ కూర్చుని, ముందు పోయిన వారం నిల్వ ఎంతో పైకి చదివేవాళ్లు. తర్వాత ఒక్కొక్కరూ తమ పొదుపు డబ్బు అందరి ముందూ పెట్టేవాళ్లు. ఎవరికి అప్పు ఇచ్చారు, ఎవరు ఎంత తీర్చారు, ఎవరు తీర్చలేదు, అన్నీ పైకే. చివర్లో మళ్లీ నిల్వ చదివి, పుస్తకం మీద వేలిముద్రలో సంతకాలో పెట్టేవాళ్లు. పొదుపు సంఘాలకి చెప్పే పంచసూత్రాల్లో పుస్తకాలు సక్రమంగా రాయడం ఒకటి. అయినా నన్ను కదిలించింది ఆ చదివి వినిపించడం. సగం మందికి చదవడం రాదు కాబట్టి లెక్క నోటితో చెప్పాల్సి వచ్చేది. చెప్పాల్సి వచ్చింది కాబట్టి ప్రతి మనిషికీ సంఘం నిల్వ నోటికి వచ్చేది.

మా సెల్లార్లో కూర్చున్నవాళ్లలో ఇంజనీర్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు, డాక్టర్లున్నారు. మా సంఘం నిల్వ ఎంతో ఒక్కరికీ తెలియదు. చదువుకున్న చోట, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చులే అన్న ధీమా ఉంటుంది, ఆ చూసుకునే రోజు రాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లో ఉపాధి హామీ పనులకి సామాజిక తనిఖీ మొదలుపెట్టింది. మస్టర్లలో, అంటే కూలీల హాజరు పట్టీల్లో ఉన్న పేర్లు, పని దినాలు, చెల్లించిన కూలీ ఊరి జనం ముందు చదివి వినిపించి, నిజమేనా అని అడిగే పద్ధతి. దానికోసం 2009లో ప్రత్యేకంగా ఒక సొసైటీనే ఏర్పాటు చేశారు. దేశమంతా వచ్చి మనల్ని చూసి నేర్చుకుంది. గడ్డపార పట్టిన మనిషి తన పేరు మీద ఎంత రాశారో నలుగురిలో నిలదీసి అడగగలిగిన నేల ఇది. అదే నేల మీద, ఈఎంఐలు కట్టుకుంటూ ఇల్లు కొనుక్కున్న మనం సెక్రటరీని బ్యాంకు స్టేట్‌మెంట్ అడగడానికి మొహమాటపడతాం. రోజూ లిఫ్టులో ఎదురుపడే మనిషి కదా, ఏమనుకుంటారో అని.

మొహమాటం చిన్న విషయం కాదు. అది మంచితనంలోంచి పుట్టినదే కాబట్టి దాన్ని తిట్టి పోగొట్టలేం. దానికి విరుగుడు ఒక్కటే: అడగాల్సిన అవసరమే లేకుండా చేయడం. ఎప్పుడూ ఎవరూ అడగని చోట, మొదటిసారి అడిగిన మనిషి మాట నిందలాగే వినపడుతుంది. ఆ పెద్దమనిషి బాధపడింది నా ప్రశ్నకి కాదు, ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన మొదటి ప్రశ్నకి. ప్రతి నెలా అయిదో తారీఖున ఒక కాగితం నోటీసు బోర్డు మీద ఉండి ఉంటే, నేను ఆ రోజు అడగాల్సింది ఏమీ ఉండేది కాదు. ఆయన గౌరవం కూడా నిలిచేది.

మరి నిబంధనలు ఉన్నాయా? కొంచెం ఉన్నాయి, అక్కడక్కడ.

ఉమ్మడి రాష్ట్రంలో 1987లో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. సంఘం ఉండాలి, దానికి నియమావళి ఉండాలి అన్న పునాది అది వేసింది. సంఘాల్లో ఎక్కువ భాగం రిజిస్టరవుతున్నది మాత్రం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద. కళలకీ, క్రీడలకీ, సాహిత్యానికీ, దానధర్మాలకీ పెట్టుకునే సంఘాల కోసం రాసిన చట్టం అది. నెలనెలా లక్షలు వసూలు చేసి, లిఫ్టులూ ట్రాన్స్‌ఫార్మర్లూ నడిపే సంస్థ అందులో అద్దెకున్నట్టు ఉంటుంది. కమిటీకీ సభ్యులకీ తగాదా వస్తే 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికి పోవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒక వోచరు చూడటానికి జిల్లా కోర్టు! ఎవరు పోతారండీ? సమాచార హక్కు చట్టం ఉంది కదా అంటారు కొందరు. అది పబ్లిక్ అథారిటీలకే, అంటే ప్రభుత్వ సంస్థల్లాంటివాటికే. ప్రభుత్వ నిధులో అజమాయిషీయో గణనీయంగా లేకపోతే సహకార సంఘాలు కూడా దాని కిందికి రావని 2013 అక్టోబరులో కేరళకి చెందిన తలప్పలం సహకార బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మన అపార్ట్‌మెంటు సంఘం ఇంకెక్కడ?

అదే బిల్డర్ విషయంలో చూడండి. 2016 నాటి రెరా చట్టం, అంటే స్థిరాస్తి వ్యాపార నియంత్రణ చట్టం ప్రకారం, కొనేవాళ్ల దగ్గర వసూలు చేసిన సొమ్ములో 70 శాతం విడిగా ఒక బ్యాంకు ఖాతాలో వేయాలి. ఇంజనీర్, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ముగ్గురూ ధ్రువీకరిస్తేనే, పని ఎంత జరిగిందో అంతవరకే తీయాలి. ఏటా ఆ ఖాతా ఆడిట్ కావాలి. ఇంత కాపలా అపార్ట్‌మెంటు కట్టే మూడు నాలుగేళ్లకి. కట్టాక అరవై డెబ్భై ఏళ్లు ఆ భవనాన్ని నడిపే సొమ్ముకి ఒక ట్రావెల్ బ్యాగు.

పన్ను వాళ్లు మాత్రం మనల్ని గుర్తుపెట్టుకున్నారు. నెలకి ఒక్కో ఫ్లాటు మెయింటెనెన్సు 7,500 దాటి, సంఘం మొత్తం వార్షిక వసూళ్లు 20 లక్షలు దాటితే 18 శాతం జీఎస్టీ. డిపాజిట్ల మీద వడ్డీకి ఆదాయపు పన్ను కూడా కట్టాలి. మనది లాభాపేక్ష లేని సంఘం, మన డబ్బు మనమే వాడుకుంటున్నాం, పన్నేమిటి అనుకున్నాం మేమూ. సభ్యుల మధ్య తిరిగే సొమ్ముకి ఆ వాదన చెల్లుతుంది గానీ, బ్యాంకులో వేసి వడ్డీ తీసుకున్నాక చెల్లదని బెంగళూరు క్లబ్బు కేసులో 2013 జనవరిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. మా సంఘం ఎనిమిదేళ్లలో ఒక్క రిటర్నూ వేయలేదు. కాంట్రాక్టర్లకి ఇచ్చిన బిల్లుల్లో టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే పట్టుకోవాల్సిన పన్ను, కోయలేదు. మిగిలిన నాలుగు లక్షల్లో కొంత దానికి పోయింది.

మహారాష్ట్రలో పద్ధతి మెరుగు. అక్కడ ఇళ్ల సంఘాలు చాలావరకు సహకార చట్టం కింద ఉంటాయి. 1960 నాటి ఆ చట్టంలోనే సభ్యుడికి పుస్తకాలు చూసే హక్కు రాసి ఉంది. ఏటా ఆడిట్ తప్పదు. మోడల్ బైలాల (నమూనా నియమావళి) ప్రకారం ఒక్కో ఫ్లాటు నిర్మాణ వ్యయంలో ఏటా కనీసం 0.25 శాతం సింకింగ్ ఫండ్‌కి, అంటే రేపటి భారీ పనుల కోసం పోగేసే నిధికి, 0.75 శాతం మరమ్మతుల నిధికి కట్టాలి. భవనానికి పదిహేనేళ్లు నిండితే అయిదేళ్లకోసారి, ముప్పై దాటితే మూడేళ్లకోసారి స్ట్రక్చరల్ ఆడిట్, అంటే కట్టడం ఎంత గట్టిగా ఉందో ఇంజనీరు చేసే తనిఖీ. స్థలం ధర వదిలేసి, నిర్మాణానికి ఇరవై లక్షలైన ఫ్లాటు అనుకోండి. సింకింగ్ ఫండ్ ఏటా అయిదు వేలు, మరమ్మతుల నిధి పదిహేను వేలు. నెలకి పదహారు వందల డెబ్భై దాకా. మా మొత్తం మెయింటెనెన్సే పదిహేను వందలు! ముంబయిలో ఈ బైలాలన్నీ తు.చ. తప్పకుండా జరుగుతాయని నేననను. కానీ అక్కడ సభ్యుడు లేచి 'చూపించండి' అంటే, వెనక ఒక చట్టం నిలబడి ఉంటుంది.

దీని పర్యవసానం ఎంతదాకా పోతుందో 2021 జూన్ 24 అర్ధరాత్రి దాటాక ఫ్లోరిడాలో తెలిసింది. మయామీ పక్కన సర్ఫ్‌సైడ్‌లో, 1981లో కట్టిన పన్నెండంతస్తుల చాంప్లెయిన్ టవర్స్ సౌత్ భవనంలో చాలా భాగం కూలిపోయింది. 98 మంది పోయారు. ఆ వార్త చూసిన రోజు నేను ఇంకా ట్రెజరర్‌ని. కూలడానికి లెక్కలే కారణమని నేను చెప్పను. ఈత కొలను ఉన్న డెక్కు (కాంక్రీటు చదును) అసలు డిజైన్లోనే లోపాలున్నట్టు అమెరికా ప్రభుత్వ పరిశోధకులు చూపారు. కానీ 2018లోనే ఒక ఇంజనీరు, ఆ డెక్కు కింద నీళ్లు దిగి కాంక్రీటు బాగా దెబ్బతిందని రాసిచ్చాడు. మరమ్మతులకి కోటిన్నర డాలర్లు కావాలి. సంఘం నిల్వ అందులో పదో వంతు కూడా లేదు. అందరి మీదా ఆ భారం వేయడానికి తీర్మానాలూ వాదోపవాదాలూ జరిగి, ఎట్టకేలకి 2021 ఏప్రిల్లో అది ఖరారైంది. రెండు నెలలకే భవనం లేదు.

నిధి లేకపోవడానికి అక్కడ కూడా దొంగ అక్కర్లేదు. అప్పటి ఫ్లోరిడా చట్టం ప్రకారం, సభ్యులు మెజారిటీతో ఓటేసి మరమ్మతుల నిధికి ఈ ఏడాది ఏమీ కట్టం అనుకోవచ్చు. ఏటా అలా అనుకున్న భవనాలు అక్కడ ఎన్నో. మా సెల్లార్లో చేతులెత్తి మెయింటెనెన్సు పెంచొద్దన్నామే, అదే పని.

ఆ తర్వాత 2022 మేలో అక్కడి చట్టం మారింది. మూడంతస్తులు, ఆపైన ఉన్న భవనాలకి ముప్పై ఏళ్లు నిండగానే తనిఖీ, తర్వాత పదేళ్లకోసారి. పైకప్పు, పునాది, పైపులు లాంటివి ఎప్పుడు మార్చాలో, ఎంతవుతుందో లెక్కగట్టే అధ్యయనం పదేళ్లకోసారి. వాటికి కట్టాల్సిన నిధిని ఓటుతో ఎగ్గొట్టే వీలు 2024 చివరినుంచి తీసేశారు. లెక్కలు చూపే విషయంలో అక్కడ ముందు నుంచీ గట్టి నిబంధన ఒకటుంది, నాకు చాలా నచ్చినది. సభ్యుడు రాతపూర్వకంగా అడిగాక పది పనిదినాల్లో కాగితాలు చూపించాలి. చూపకపోతే పదకొండో రోజు నుంచి రోజుకి కనీసం 50 డాలర్ల చొప్పున, పది రోజుల దాకా సభ్యుడికి పరిహారం. ఏటా 5 లక్షల డాలర్లు, ఆపైన వసూలయ్యే సంఘం మామూలుగా ఆడిట్ చేయించాలి. 2026 జనవరి 1 నుంచి, 25 ఇళ్లున్న సంఘమైనా చాలు, రికార్డులు వెబ్‌సైటులోనో యాప్‌లోనో పెట్టాలి.

టాంపాలో ఉండే మా పెద్దమ్మగారబ్బాయి వాళ్లది అలాంటి ఇల్లే. నిధికి కట్టాల్సింది ఒక్కసారిగా పెరిగిందని ఫోన్లో గోల పెట్టాడు. పెట్టాడే గానీ, ఎందుకు పెరిగిందో అంకెలతో సహా చెప్పగలిగాడు: పైకప్పుకి ఇంకెన్నేళ్ల ఆయుష్షుంది, ఎంత తక్కువ పడుతోంది, అన్నీ. అతనికి హైదరాబాదులోనూ ఒక ఫ్లాటుంది. "మరి ఇక్కడి దానికి కార్పస్ ఎంతుందన్నయ్యా?" అంటే కాసేపు మాట్లాడలేదు. "ఇక్కడ కాగితం దానంతటదే నా దగ్గరికొస్తుందమ్మా. అక్కడ నేను అడగాలి. అమెరికాలో కూర్చుని లెక్కలడుగుతున్నాడు అంటారు" అన్నాడు. మా అరవైలో పద్నాలుగు ఫ్లాట్ల ఓనర్లు విదేశాల్లోనే ఉన్నారు. డబ్బు మాత్రం ఒకటో తారీఖుకల్లా పంపిస్తారు.

ట్రెజరర్‌గా నేను పెట్టిన మొదటి పద్ధతి ట్యాంకర్ల పుస్తకం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో డబ్బు కారే కన్నాల్లో పెద్దది ఇదే. ట్యాంకరు తెల్లవారుజామున వస్తుంది, సంపులో పైపు పెడతారు, వాచ్‌మన్ నిద్రకళ్లతో చూస్తాడు. నెలాఖరుకి ఒక తెల్లకాగితం మీద అంకె వస్తుంది. అంతకుముందు వాచ్‌మన్ మోటారు గది గోడ మీద సుద్దముక్కతో గీతలు పెట్టేవాడు. సున్నం వేస్తే ఆ ఏడాది లెక్క పోయేది. 2019 ఏప్రిల్లో ఒక పుస్తకం కొని, బండి నంబరు, వచ్చిన సమయం, డ్రైవరు సంతకం, వాచ్‌మన్ సంతకం అని గళ్లు గీసిచ్చాను. మొదటి నెల బిల్లులో 71 ట్యాంకర్లు. పుస్తకంలో 58. తేడా పదమూడు, ట్యాంకరుకి ఏడు వందల చొప్పున తొమ్మిది వేల వంద. అది మోసమో, మా వాచ్‌మన్ కొన్ని రాయడం మరిచాడో, ఈ రోజుకీ తేల్చి చెప్పలేను. పుస్తకంలో ఉన్నదానికే ఇస్తామన్నాం. రెండో నెల నుంచి బిల్లూ పుస్తకం ఒకటే అంకె చెప్పాయి. అంతకుముందు ఎనిమిది ఎండాకాలాలు ఎలా గడిచాయో తలుచుకోలేదు, తలుచుకుని లాభం లేదు.

రెండోది నోటీసు బోర్డు కాగితం. జమ, ఖర్చు, నిల్వ ఒక పేజీ. దాని కిందే బ్యాంకు స్టేట్‌మెంటు, ఖాతా నంబరు కనపడకుండా కొట్టేసి. నేను రాసిన పేజీ ఎంత అందంగా ఉన్నా, స్టేట్‌మెంటు పక్కన లేకపోతే అది నా మాటే కదా.

బాకీదారుల పేర్లు కూడా అంటించమని కొందరు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. ఎవరెంత బాకీ అన్నది ఓనర్లకి ఫ్లాటు నంబరుతో పంపాం. లాబీలో, డెలివరీ కుర్రాళ్లూ బంధువులూ చూసేచోట పెట్టలేదు. ఉద్యోగం పోయి మూడు నెలలు కట్టలేకపోయిన ఇల్లు ఒకటుంది అందులో. సొమ్ము లెక్క బయట ఉండాలి, మనిషి పరువు ఉండనక్కరలేదు. అద్దెకున్నవాళ్ల విషయంలో మాత్రం కమిటీతో నేను గట్టిగానే దెబ్బలాడాను. మెయింటెనెన్సు కట్టేది వాళ్లు, లెక్క అడిగితే "మీరు ఓనర్లు కాదు కదా" అంటాం. కార్పస్ గురించి నిర్ణయం ఓనర్లది, సరే. నెలవారీ ఖర్చు చూసే హక్కు డబ్బు కట్టిన ప్రతివాళ్లదీ.

జీతం లేని పనికి ఇన్ని ఆంక్షలు పెడితే ఎవరొస్తారు అన్నది నాకు ఎదురైన అన్ని ప్రశ్నల్లోకీ బరువైనది. నిజంగానే ఎవరూ రారు. కమిటీలో ఉండటమంటే ఆదివారాలు పోవడం, ఒంటిగంటకి సంపు పొంగిందని ఫోన్లు రావడం, ఏ పని చేసినా నలుగురి చేత మాట పడటం. ఆ కష్టం నేనూ పడ్డాను. అయినా నా అనుభవంలో లెక్క చూపించడం ఆ భారాన్ని తగ్గించింది. కొటేషన్లు మూడూ బోర్డు మీద పెట్టాక, ఫలానా పెయింటరు నా బంధువా అని ఎవరూ గుసగుసలాడలేదు. కమిటీలో ఎవరికైనా కాంట్రాక్టరుతో చుట్టరికమో వ్యాపారమో ఉంటే అది ముందే చెప్పి, ఆ తీర్మానంలో ఓటు వేయకూడదని రాసుకున్నాం. నెలకి మూడు గంటల పని పెరిగింది. రాత్రిళ్లు నిద్రపట్టింది.

ఎవరు చదువుతారులే అన్నది ఇంకో మాట. మొదటి నెల బోర్డు దగ్గర గుంపు. మూడో నెలకి ఎవరూ ఆగలేదు. ఒక్కరు తప్ప. పాత ట్రెజరర్ గారు, నాతో ఏడాది పాటు సరిగ్గా మాట్లాడని మనిషి, ప్రతి అయిదో తారీఖు సాయంత్రం కళ్లజోడు సర్దుకుని ఆ కాగితం మొత్తం చదివేవారు. ఒకరోజు మెట్ల దగ్గర ఆపారు. "అమ్మా, జనరేటర్ డీజిల్ పద్దులో నలభై రూపాయలు ఎక్కువ పడింది. కూడి చూసుకో" అన్నారు. కూడి చూశాను. ఆయన చెప్పిందే నిజం. సరిచేసి మళ్లీ అంటించాను. ఆ వారమే నేను వాళ్లింటికి వెళ్లి, బ్యాగులో దొరికిన ఆయన సొంత ఖర్చుల చీటీలు, వాటికి సంఘం చెక్కు ఇచ్చాను. ఆ రోజు నిలబెట్టి అడిగిన తీరుకి క్షమించమన్నాను. చెక్కు తీసుకోలేదు. కాఫీ ఇచ్చారు.

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందంటారు. అందుకే కొన్నిటిని సభ్యుల మంచితనానికి వదలకూడదు, చట్టమే చెప్పాలి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ అపార్ట్‌మెంటు సంఘాలకి విడిగా ఒక చట్టం రావాలని నా కోరిక. అందులో నాకు ముఖ్యమైనవి ఇవి. నిర్వహణ డబ్బుకీ నిధి డబ్బుకీ రెండు ఖాతాలు ఉండి తీరాలి, రెండో దాంట్లోంచి నెల ఖర్చులకి ఒక్క రూపాయి తీసినా జనరల్ బాడీ తీర్మానం కావాలి. బ్యాంకు స్టేట్‌మెంటు నెలనెలా సభ్యులకి అందాలి. అడిగిన వోచరు పది పనిదినాల్లో చూపించాలి, చూపకపోతే జరిమానా కమిటీ సభ్యుల జేబులోంచి కట్టాలి. పదేళ్లు దాటిన ప్రతి భవనం, దేని ఆయుష్షు ఎంత మిగిలిందో, మార్చడానికి ఎంతవుతుందో ఒక ఇంజనీరు చేత రాయించుకోవాలి. ఫ్లాటు అమ్మేటప్పుడు ఆ కాగితం కొనేవాళ్లకి ఇవ్వాలి. ఈ చివరిది జరిగితే చాలా మారుతుంది. మార్బుల్ ఫ్లోరింగు, మాడ్యులర్ కిచెన్ చూసి కొనే మనిషి, సంఘం నిధి ఎంతో కూడా చూస్తాడు. నిధి లేని అపార్ట్‌మెంటులో ఫ్లాటు ధర తగ్గిన రోజున మెయింటెనెన్సు పెంచొద్దనే చేతులు కొన్నయినా దిగుతాయి. ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లా కోర్టు కాకుండా, రెరాలాంటి అధికారి ఒకరు చాలు.

చట్టం వచ్చేదాకా మా వరకు మేం చేసుకుంటున్నాం. 2018లో నలభై వేలు చొప్పున కట్టి లిఫ్టులు వేయించాం. కట్టలేనివాళ్లకి ఆరు వాయిదాలిచ్చాం. మెయింటెనెన్సు ఖర్చుకి తగ్గట్టు పెంచాం. 2020 జనవరిలో నిధికి నెలకి వెయ్యి అని తీర్మానం పెడితే ఇరవై ఒకటి, ఇరవై ఆరు ఓట్లతో ఓడిపోయాం. 2021 ఆగస్టులో అయిదు వందలకి దించి మళ్లీ పెట్టాను, నెగ్గింది. ఆ నెలతో ట్రెజరర్ పని దిగిపోయి, మూడో అంతస్తు అబ్బాయికి అప్పజెప్పాను. బ్యాగు కాదు, ఒక ఫైలు, ఒక పెన్‌డ్రైవు. ఇప్పుడు విడి ఖాతాలో పద్ధెనిమిది లక్షల చిల్లర ఉంది. అది బోర్డు మీద ఉంది కాబట్టి మా పనిమనిషికి కూడా తెలుసు.

అది చాలదు. రంగులు, టెర్రస్ వాటర్‌ప్రూఫింగు, జనరేటరు, పదిహేనేళ్లు దాటిన పైపులు కలిపి వచ్చే ఏడేళ్లలో, ఇప్పటి లెక్కన పోగయ్యేదాన్ని మించి పడుతుందని ఇంజనీరు రాసిచ్చాడు. ఈ ఏడేళ్లలో కొత్తగా వేరే ఏదీ పాడవదనుకుని వేసిన లెక్క అది. ఈ నెల చివరి ఆదివారం జనరల్ బాడీ ఉంది. అయిదు వందల్ని ఎనిమిది వందలు చేయమని ఎజెండాలో మూడో అంశంగా రాసిచ్చాను. ఇంజనీరు రాసిన పట్టిక బోర్డు మీద అంటించాం, తెలుగులో, పెద్ద అక్షరాల్లో. ఆ రోజు దాన్ని పైకి చదివి వినిపించమని సెక్రటరీ గారిని అడిగాను, సరేనన్నారు. ఓట్లు ఎటు పడతాయో తెలియదు. ఓడిపోతే వచ్చే మార్చిలో మళ్లీ పెడతాను.